కప్పెక్కిన గవరమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, ఇంత వయసొచ్చినా గోడకి ఒక్క మేకైనా కొట్టుకోని మనిషి ఒకావిడ ఉండేది. పేరు గవరమ్మ.

ఎందుకు కొట్టుకోలేదంటావా? చిన్నప్పుడు నాన్న ఇంట్లో కొట్టబోతే, "రేపో మాపో అత్తారింటికి పోయేదానివి, నీకెందుకే మేకులు" అన్నాడు నాన్న. ఆ తర్వాత పెళ్ళయి మొగుడింటికి వెళ్ళింది. "ఇది మా అబ్బాయి గోడ" అంది అత్త. ఆ తర్వాత మొగుడు పోయి అన్న ఇంటికి చేరింది. "వంటిల్లంతా నీదే కదమ్మా, గోడలతో పనేముంది" అన్నాడు అన్న. అన్నకి నోరు తీపి. గవరమ్మ దగ్గర అరచేయంత అద్దం ఒకటి ఉండేది. అన్నేళ్ళూ అది ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

అప్పుడేమైంది, కొండ కింద పల్లెలో ఉండే మేనత్త పోతూ పోతూ తన పెంకుటిల్లు గవరమ్మకి ఇచ్చిపోయింది. ఇల్లంటే ఏం ఇల్లులే. నేల నిండా గుంటలు, గోడల నిండా బీటలు, కప్పు నిండా కన్నాలు. పెరట్లో నడుమెత్తు పిచ్చిమొక్కలు. గవరమ్మ వెళ్ళగానే పెట్టె తెరిచి, అద్దం తీసి, గోడకి మేకు కొట్టింది. మేకు దిగలేదు. గోడ పెచ్చూడి కాలి మీద పడింది. కుంటుతూనే నవ్వుకుంది. పడితే పడింది, తన గోడే కదా పడింది.

పక్కిల్లు సన్యాసినాయుడిది. అతను మేనత్త మరిది కొడుకు, గవరమ్మకి బావ వరస. ఆ ఇంట్లో గేదెలు కట్టుకోవాలని అతనికి ఎప్పట్నుంచో ఆశ. ఊరి పెద్దల దగ్గరికెళ్ళి, "మగదిక్కు లేని మనిషి ఆ కొంపనేటి నిలబెడతాది" అన్నాడు. పెద్దలు మీసాలు దువ్వుకుని తీర్పు చెప్పారు. తొలకరి వాన కురిసేటప్పుడు ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉండాలి. తడిసి ఆరిపోయిందా, ఇల్లు నాయుడి గేదెలకి.

గేదెలకైతే పొయ్యి వెలగక్కర్లేదా అంటావా? బాగా అడిగావు తల్లీ. అక్కడ ఎవరూ అడగలేదు.

గవరమ్మ కొంగు బిగించింది. మొదట నేల పట్టింది. ఎర్రమట్టి తెచ్చి గుంటలు పూడ్చి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికింది. ఆ తర్వాత గోడలు పట్టింది. మట్టీ ఊకా కలిపి కాళ్ళతో తొక్కి, బీటలన్నీ మెత్తి, సున్నం వేసింది. మధ్యమధ్యలో పెరడు తవ్వి బెండ, చిక్కుడు పెట్టింది. వంటింటి గోడ వారన ఆనప గింజ పాతి, బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. తీగ గోడెక్కి, చూరు దాటి, కప్పు మీదికి పాకింది.

ఇంక మిగిలింది ఆ కప్పే. ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. ఆడమనిషి ఇంటి కప్పెక్కితే వాన అలిగి కొండ దాటి పోతుందట. ఆ సంగతి వానకి తెలుసో లేదో మరి. అందుకని ఏటేటా తొలకరికి ముందు అప్పలసూరి అనే అతనొచ్చి అందరి పెంకులూ సర్ది పోయేవాడు. గవరమ్మా అతన్నే పిలిచింది. నాయుడు అంతకుముందే అతని చెవిలో ఊదాడు. మొదటిసారి పిలిస్తే అప్పలసూరి నడుంనొప్పి అన్నాడు. రెండోసారి నిచ్చెన విరిగింది అన్నాడు. మూడోసారి తలుపు వెనక నించుని, "నేను ఇంట్లో లేనని చెప్పవే" అని పెళ్ళానికి చెప్పాడు. అది వీధిలోకి వినిపించింది.

ఇక్కడ చూస్తే కప్పులో సరిగ్గా పొయ్యికి పైనే పెద్ద కన్నం. కొండ మీద చూస్తే నల్లమబ్బు.

అప్పుడు గవరమ్మ పొయ్యి మీద గంజి పెట్టింది. చీర దోపి, నిచ్చెన వేసుకుని, కప్పు మీదికి ఎక్కేసింది. ఊరు ఊరంతా వాకిట్లోకి వచ్చి నించుంది.

"దిగు మరదలా. వాన పోతాది. ఊరి పాపం నీ నెత్తి మీద పడతాది" అన్నాడు నాయుడు.

"నా నెత్తి మీద ఇప్పుడు కప్పే లేదు బావా. పాపమైనా పడితే కొంచెం నీడుంటాది. ఆ పెంకుల బుట్ట ఇలా అందించు" అంది గవరమ్మ.

ఎవరూ కదల్లేదు. అప్పుడు పైడమ్మ వచ్చింది. పైడమ్మంటే ఎవరనుకున్నావు, నాయుడి తల్లి. బుట్ట నెత్తికెత్తుకుని నిచ్చెన దగ్గరికి నడిచింది.

"అమ్మా, నువ్వేటి" అన్నాడు నాయుడు.

"నువ్వు నోరు ముయ్యి. మన వంటిల్లూ కారతాది. వానాకాలమంతా ఆ కారే చోట కుండలు పెట్టింది నువ్వా నేనా" అంది పైడమ్మ.

గవరమ్మ తీగని మెల్లగా పక్కకి జరిపి, పెంకు మీద పెంకు పేర్చుకుంటూ పోయింది. ఆఖరి పెంకు పెడుతుండగా చల్లగాలి కొట్టింది. అలగడం మాట అటుంచు, వాన పరిగెత్తుకుంటూ వచ్చింది. గవరమ్మ ఇంకా కప్పు మీద ఉండగానే దబదబా కురిసేసింది.

పెద్దలు తడుస్తూ వచ్చి వంటింట్లోకి తొంగి చూశారు. పొయ్యి మీద గంజి కుతకుతా ఉడుకుతోంది. ఆ ఇంట్లో తడి అంటూ ఉంటే అది వాళ్ళ పంచెల్లోంచి కారిందే.

"చూసింది చాలు, అవతలికి నడవండి బాబూ. అలికిన నేల పాడవుతాది" అంది గవరమ్మ.

ఆ తర్వాత మేకు తెచ్చి గోడకి కొట్టింది. ఈసారి దిగింది. అద్దం తగిలించి చూసుకుంటే ముఖం నిండా మట్టి. తుడుచుకోలేదు, అలాగే కాసేపు చూసుకుంది.

మరుసటేడు వాన ఆలస్యమైంది. అదే పెద్దలు అదే గుమ్మం ముందుకొచ్చారు. "ఒక్కసారి కప్పెక్కమ్మా గవరమ్మా. నువ్వెక్కితే వాన పడతాది" అన్నారు. చూశావా, కట్టడి ఎంత చక్కగా తిరగబడిందో.

గవరమ్మ ఆనపకాయ తరుగుతోంది. తలెత్తకుండానే చెప్పింది. "వానని పిలవడం నాకు రాదు. కన్నం మూయడం వచ్చు. మీ ఇళ్ళు ఎక్కడెక్కడ కారతాయో మీ ఆడవాళ్ళకి తెలుసు. నిచ్చెన అదిగో, పట్టుకెళ్ళండి."

అప్పట్నుంచి ఆ ఊళ్ళో పెంకులు సర్దేదీ ఆడవాళ్ళే, కప్పు మీద ఆనపకాయలు కోసేదీ ఆడవాళ్ళే. ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి కబుర్లు చెప్పుకుంటారు. కింద నించుని బుట్ట అందించేది సన్యాసినాయుడు. వాన మాత్రం ఎవర్నీ అడక్కుండా, దానికి వీలైనప్పుడు వచ్చి పోతుంది.

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. నీ బొమ్మ తగిలించడానికి గోడకి మేకు కావాలన్నావు కదూ. రేపు సుత్తి ఎక్కడుందో చూపిస్తాను. నువ్వే కొట్టు.

కథ కప్పెక్కి కంచికెళ్ళింది,
కాయ దిగొచ్చి కుండలో పడింది,
వాన కురిసి వాకిలి తడిపింది,
నిద్దరొచ్చి నీ కన్ను మూసింది.