సలోమి అన్న ఆమెన్

ఆమెన్ అంటే ‘ప్రార్థన అయిపోయింది’ అని అర్థమట. ఆదివారం బడిలో నీకు అలా చెప్పారు, మీ అమ్మకూ అలాగే చెప్పారు. చివర్లో వస్తుంది కాబట్టి ఎవరో అలా అనుకుని ఉంటారు. అది నిజమో కాదో విన్నాక నువ్వే తేల్చు, బుజ్జీ.

అనగా అనగా, గుండ్లకమ్మ ఒడ్డున ఒక క్రైస్తవుల పేట. అక్కడ ప్రార్థన గుడి పక్కనే, భర్త పోయిన సలోమి పాక. ఆ జాగా తప్ప ఆమెకు మరేమీ లేదు. గుడి ప్రహరీని అక్కడిదాకా జరపాలని సంఘపెద్ద యాకోబయ్య కోరిక. అడిగాడు. ఆమె ఇవ్వనంది.

అప్పుడు ఒక ఆదివారం ఆయన ప్రార్థనకు నిలబడ్డాడు. వాన కురిపించమన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. జ్వరాలు తగ్గించమన్నాడు. ఆమెన్ అన్నారు. ఆ తర్వాత, “నీ దాసురాలగు సలోమి తన నివాసస్థలమును నీ ఆలయమునకు సమర్పించుచున్నది, అంగీకరింపుము” అన్నాడు.

ఆ పుస్తకాల తెలుగు సలోమికి అందలేదు. తన పేరు మాత్రం అందింది. పెద్దాయన నోట, ప్రార్థనలో, తన పేరు రావడం అదే మొదలు. మురిసిపోయి, అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

మర్నాడు పాక చుట్టూ సున్నంతో హద్దు గీశారు. “జాగా గుడికిస్తున్నావంటే, నిన్న ఆమెన్ అన్నావుగా” అన్నారు. సలోమి యాకోబయ్య ఇంటికి పరుగెత్తింది.

“ప్రార్థన అయిపోయిందనుకుని అన్నానయ్యా.”

“అయిపోయిందిలే, సలోమీ” అని ఆయన నవ్వాడు.

అప్పుడు, తను ఇవ్వలేదని చెప్పమని ఇరుగుపొరుగును అడిగింది. “మేమూ అన్నాం కదా వదినా. ఇప్పుడు కాదంటే దేవుడు ఊరుకుంటాడా?” అన్నారు.

ఆ తర్వాత పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఆమెన్ అంటే ఏమిటని అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేదు. “అది హెబ్రీ మాటమ్మా. కదలకుండా నిలవడం అనే అర్థమున్న ధాతువులోంచి పుట్టింది. పూర్వం శాపం చదివి వినిపిస్తే, జనం ఆమెన్ అని దాన్ని తమ నెత్తిన వేసుకునేవారు. ‘అవును, అలాగే కానీ’ అని దాని అర్థం.”

“మరి మాకు నేర్పిన రోజున ఈ అర్థం చెప్పలేదేం, అయ్యగారూ?”

“ప్రార్థన చేద్దామమ్మా” అన్నాడాయన.

సలోమి వద్దంది.

పాక పీకేశారు. గోడ లేచింది. సలోమి కాగితం రాసివ్వలేదు, వేలిముద్ర వేయలేదు. అయినా ఆ గోడలో ఒక రాయి ఉంది, దాని మీద ఆ ఆదివారం తేదీయే ఉంది: ‘సలోమి సమ్మతితో ఇచ్చిన స్థలము, 1934 మార్చి 11’.

కథకు చేరేందుకు కంచి ఉంది,
మనకు చేరేందుకు ఇల్లు ఉంది,
సలోమికి ఆనుకునేందుకు గోడ ఉంది.