గున్నబర్రె పిడకలు

అనగనగా ఒక కొండ. ఆ కొండ కింద ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ. కొండ మీద గున్నబర్రెలు.

గున్నబర్రె అంటే నీకు తెలీదులే. నేనూ చూడలేదు, మా అమ్మమ్మ చెప్పింది. ఎప్పుడో ఒక ఏనుగూ ఒక అడవిబర్రే మనువాడితే పుట్టిన జాతిట అది. ముందు నుంచి చూస్తే ఏనుగు, వెనక నుంచి చూస్తే బర్రె. మూరెడు తొండం, దాని పైన మెలితిరిగిన కొమ్ములు. ఏనుగులాగా చెవులు విసురుకుంటుంది, బర్రెలాగా బురదలో పడుకుని నెమరేస్తుంది. బర్రె పది నెలలు మోస్తుంది, ఏనుగు ఇరవై రెండు నెలలు మోస్తుంది. గున్నబర్రె పదహారు నెలలు మోస్తుంది, సంతలో బేరం మధ్యకి తెగినట్టు.

గడ్డి తింటుంది, ఆకు తింటుంది, వెలగపండంటే మాత్రం ప్రాణం. కాలితో టప్పున పగలగొట్టి, గుజ్జూ గింజలూ కలిపి మింగేస్తుంది. నీలాగా పెరుగన్నం ముందేసుకుని గంటసేపు చూస్తూ కూర్చోదు.

ఆ ఊరివాళ్ళకీ వెలగపళ్ళే ఆధారం. కొన్ని పచ్చడి చేసుకునేవారు, మిగతావి సంతకి మోసుకెళ్ళి బియ్యం తెచ్చుకునేవారు. పైడమ్మకి చెట్టెక్కే మగదిక్కు లేదు, పిల్లా జెల్లా లేరు. అందుకని పిడకలు చేసుకుని బతికేది.

ఒక రోజు ఊళ్ళో పేడ దొరకలేదు. అప్పుడు పైడమ్మ తట్ట పట్టుకుని కొండెక్కింది. గున్నబర్రె పేడ తట్టనిండా ఎత్తుకొచ్చింది. పిసుకుతుంటే చేతికి గరగరా తగిలింది. ఇసకేలే అనుకుని గోడకి కొట్టేసింది. ప్రతి పిడక మీదా పైడమ్మ ఐదు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

ఆ పిడక పొయ్యిలో పెడితే పొగే లేదు. పైగా మండుతూ చిటపటలాడేది. “పైడమ్మ పిడక పలుకుతాదర్రా” అని ఊరంతా మురిసిపోయింది. అమ్మవారి పొంగలి కూడా ఆ పిడకల మీదే వండారు. అనామకంగా బతికిన మనిషికి అంత మాట దక్కితే ఎంత బావుంటుందో చెప్పు. ఆ తర్వాత పైడమ్మ రోజూ కొండెక్కేది, ఒక్క కుప్పా వదిలేది కాదు. ఒక ఆడ గున్నబర్రె ఆమెకి బాగా అలవాటైపోయింది. పైడమ్మ రాగానే తొండంతో తట్ట వాసన చూసి పక్కకి జరిగి దారిచ్చేది.

అలా ఏళ్ళు గడిచాయి. పైడమ్మ జుట్టు నెరిసింది. కొండ మీద వెలగచెట్లూ ముసలివైపోయాయి. కొన్ని ఎండిపోయాయి, కొన్ని గాలికి కూలాయి. కొత్త మొక్క మాత్రం ఒక్కటీ రాలేదు.

ఊరివాళ్ళకి భయం పట్టుకుంది. మొదట గున్నబర్రెలు తొక్కకుండా చెట్ల చుట్టూ కంప వేశారు. మొక్క రాలేదు. ఆ తర్వాత గింజలు తామే పాతారు. చీమలు కొన్ని తిన్నాయి, ఎలుకలు కొన్ని తిన్నాయి, మిగిలినవి కుళ్ళిపోయాయి. అప్పుడు ఊరి పెద్ద కూర్మయ్య తేల్చేశాడు.

“కంపేసినా తోసుకొచ్చి, మొక్క పైకి రాకముందే ఈ గున్నబర్రెలు మేసేత్తన్నాయి. ఏరు పొంగేలోగా అవతలికి తోలీవాల.”

ఏటికి అవతల ఏముందీ? ఉత్త బండరాయి. పైడమ్మకి దారిచ్చే ఆ ఆడ గున్నబర్రె అప్పటికి పదిహేనో నెల చూడితో ఉంది. కానీ ఊరంతా ఒక మాట మీదుంటే ఒంటిది ఏమంటుంది?

ఇంతలో తొలకరి పడింది. ఏటా వానకి ముందే పిడకలన్నీ లోపల పెట్టేసేది, ఈసారి ఈ దిగులులో మరిచిపోయింది. చూరు నీళ్ళు పైడమ్మ గోడ మీద కింది వరస పిడకల్ని తడిపాయి. మొదటి రోజు బొటనవేలి గుంటలో ఒక మొలక వచ్చింది. ఏదో పిచ్చిగడ్డి అనుకుని పీకేసింది. రెండో రోజు చూపుడువేలి గుంటలో ఇంకోటి వచ్చింది. దాని ఆకు నలిపి వాసన చూసింది. వెలగాకు.

మూడో రోజు, పీకేసిన గుంటతో సహా, ఐదు వేళ్ళ గుంటల్లోనూ ఐదు మొలకలు నిలబడ్డాయి. పైడమ్మ గోడ ముందు కూలబడిపోయింది. చేతికి గరగరా తగిలింది ఇసక కాదు. పొయ్యిలో పలికింది పిడక కాదు. చెబితే తన పేరు పోతుంది, కూడు పోతుంది. చెప్పకపోతే ఆ నోరులేనిది బండల మీద ఈనుతుంది. చాలాసేపు అలాగే కూర్చుంది, బంగారూ. మంచివాళ్ళకి కూడా అంతసేపు పడుతుంది.

మర్నాడు పొద్దున్నే డప్పులు పట్టుకుని అందరూ కొండెక్కారు. పైడమ్మ మొలకెత్తిన పిడక తట్టలో పెట్టుకుని వెనకాలే ఆయాసపడుతూ వెళ్ళింది. వెళ్ళి గున్నబర్రెలకి అడ్డంగా నిలబడింది.

“కూర్మయ్య బావా, ఆగు. మొక్కల్ని గున్నబర్రె మేయలేదు. అదే నాటతంది. గింజ దాని కడుపులోంచి వొచ్చి పేడలో మొలవాల. ఆ పేడ ఇన్నేళ్ళూ నానే ఎత్తుకొచ్చీసినాను. పొయ్యిలో చిటపటలాడింది గింజలే. తోలితే నన్ను తోలండి.”

కూర్మయ్య పిడక అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొలకల్ని వేలితో ముట్టుకున్నాడు. చివరికి మెడలోంచి డప్పు తీసి కింద పెట్టాడు.

“నువ్వొక్కదానివేటి పైడీ. ఆ పొయ్యి మీద ఉడికిన కూడు మేవందరం తిన్నాం గదా.”

అప్పుడు ఊరంతా కిందికి దిగింది. అటక మీద దాచినవీ, పొయ్యి పక్కన పేర్చినవీ, అమ్మవారి పొంగలికని తీసిపెట్టినవీ, ఒక్కటి మిగల్చకుండా పిడకలన్నీ తెచ్చి వానలో కొండంతా పరిచారు. ఆ రోజు నుంచి కొండ మీద పేడ కొండదే. ఊళ్ళో పశువుల పేడంతా పైడమ్మదే. ఆ పిడకలు పొగ పెట్టి చంపేవి. కళ్ళు మండినా ఎవరూ నోరు మెదపలేదు.

నెల తిరక్కుండా ఆడ గున్నబర్రె ఈనింది. ఆ తర్వాత మొక్కలు లేచాయి. కానీ వెలగచెట్టు కాపుకి రావాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. మొదటి పండు రాలేసరికి పైడమ్మ లేదు. ఆ పండు ఆనాటి దూడ తిన్నది.

ఆ కొండ మీద వెలగచెట్లు ఇప్పటికీ ఐదేసి, ఐదేసి ఉంటాయిట. నాలుగు ఒక పక్క, ఒకటి కాస్త ఎడంగా. ఏదీ, నీ చెయ్యి చాపు. ఇదిగో, ఇలాగే. మధ్యలో నిలబడితే ఎవరో అరచేతిలో పెట్టుకున్నట్టుంటుందని మా అమ్మమ్మ అనేది.

గింజ కొండకి, గున్న మందకి,
పిడక పొయ్యికి, పండు పంటికి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి.