ఉసేనమ్మ కళ్లు

ఈరన్నకు చిన్న కెమెరా ఒక పట్టాన కుదరలేదు.

ఆదోనిలో పత్తి మార్కెట్ దగ్గర చెన్నబసప్ప గారి ఫోటో స్టూడియోలో అతను ఏడేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. చెన్నబసప్ప గారు అంతకుముందు బడిలో డ్రాయింగు చెప్పేవారు. అందుకే ఊళ్లో అందరికీ ఆయన ఫోటో అయ్యవారు. స్టూడియోలో ఉన్నది స్టాండు మీద నిలబెట్టే పెద్ద కెమెరా. దాన్ని బయటికి తీసుకుపోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

ఈరన్నకు కావలసింది చొక్కా జేబులో పట్టేది. ఫిల్ము వేసుకుని సంతకు, బస్సులోకి, ఎక్కడికి పోతే అక్కడికి వెంట ఉంచుకునేది.

గుంతకల్లులో రైల్వే పని చేసే నాగభూషణం అతని స్నేహితుడు. బొంబాయి వెళ్లివచ్చినప్పుడల్లా వాడిన జపాను కెమెరాలు తెచ్చి చూపించేవాడు. ఈరన్న ఒక్కోదాన్ని వారం పది రోజులు దగ్గర పెట్టుకుని తిరిగి ఇచ్చేసేవాడు. ఒకదానికి బొత్తాం నొక్కాక లెన్సు బయటికి రావడానికి రెండు క్షణాలు పట్టేది, ఆ లోపల మనిషి ముఖం మారిపోతుందన్నాడు. ఇంకొకటి ఫోటో తీయగానే ఫిల్ము చుట్టుకుంటూ గుర్రుమనేది. మరొకదాని బ్యాటరీ హైదరాబాదులో తప్ప దొరకదు. ఆ తర్వాత వచ్చింది అన్నివిధాలా బాగానే ఉంది గానీ బరువుకు జేబు కిందికి జారిపోతోందని వద్దన్నాడు.

ప్రతిసారీ అయ్యవారికి చూపించి ఏమంటారని అడిగేవాడు. ఆయన కెమెరాను అరచేతిలో కాసేపు ఉంచుకుని, "చూసుకో" అని తిరిగి ఇచ్చేవారు.

ఇది అతనికి సరదా కాదు. ఫోటో ఓటరు కార్డులు ఇంకా రాని కాలం అది. పేద ఇళ్లవాళ్లు స్టూడియోకు కబురు పంపేది ఎవరైనా పోయినప్పుడే. శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ అయినవాళ్లు నిలబడేవారు. ఆ మనిషి ఈ భూమ్మీద తిరిగినట్టు ఆ ఇంట్లో మిగిలేది ఆ ఒక్క ఫోటో. అయ్యవారు నల్లగుడ్డ కింద తల దూర్చేవారు. ఈరన్న తెల్లటి అట్ట పట్టుకుని చనిపోయిన ముఖం మీదికి వెలుతురు మళ్లించేవాడు. ఏడేళ్లలో ఎన్ని ముఖాలో అతనికే లెక్క తెలియదు.

ఒకసారి అలాంటి ఇంటి నుంచి తిరిగి వస్తూ మనసులో మాట చెప్పాడు.

"మనం ఎప్పుడూ అంతా అయిపోయినాక పోతాండాం అయ్యవారూ. జేబులో కెమెరా ఉంటే ఈ ఊళ్లో ఒక్కరినీ వదలను. బతికుండంగనే తీసి పెడతా."

అయ్యవారు స్టాండును ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని నడిచారు.

స్టూడియోకు ఎదురుగా ఉసేనమ్మ టీ బండి ఉండేది. ఈరన్న రోజుకు నాలుగుసార్లు ఆమె దగ్గర టీ తాగేవాడు. తనకూ ఒక ఫోటో తీయమని ఆమె ఒకరోజు నవ్వుతూనే అడిగింది. లోపలికి పిలిచి కూర్చోబెడితే ఐదు నిమిషాల పని. ఈరన్న ఒప్పుకోలేదు. స్టూడియోలో కూర్చుంటే కొయ్యలాగా బిగుసుకుపోతావు, చిన్న కెమెరా రానీ, నువ్వు టీ పోస్తుండగా తీస్తాను, మొదటి ఫిల్ములో మొదటి ఫోటో నీదే అన్నాడు. ఆమె సరేనంది. తర్వాత కూడా రెండుసార్లు, వచ్చిందా అని అడిగింది. ఆపైన అడగడం మానేసింది.

ఆ ఏడు ముసురు పట్టి వారం రోజులు వదల్లేదు. ఉసేనమ్మ బండి మూతపడింది. ఈరన్న నాలుగు రోజులు బస్టాండు దగ్గరికి పోయి టీ తాగి వచ్చాడు.

ఐదో రోజు పొద్దున ఉసేనమ్మ కూతురు మారెక్క తడుస్తూ స్టూడియో మెట్లెక్కింది. ఆ పిల్ల పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో పని చేసేది. జ్వరంతో పడుకున్న అమ్మ తెల్లవారుజామున పోయిందని, ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదని, తీసుకుపోకముందే రావాలని చెప్పింది. చెబుతున్నంతసేపూ అయ్యవారి వంకే చూసింది.

ఇద్దరూ వెళ్లారు. ఉసేనమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. దవడ జారకుండా తలచుట్టూ గుడ్డ కట్టారు. మబ్బుకు ఇంట్లో వెలుతురు లేదు. తలుపు పూర్తిగా తెరిపించి అయ్యవారు రెండు తీశారు.

బయలుదేరబోతుంటే మారెక్క వెనకే వచ్చింది.

"కండ్లు తెరుచుకున్నట్టు ఏసిస్తారంట కదా అయ్యవారూ. అట్ల ఇయ్యండి. ఇట్లుంటే నేను ఇంట్లో పెట్టుకోలేను."

అయ్యవారు అలాగేనన్నారు. ఆ పని ఆయన ఏళ్ల తరబడి చేస్తున్నదే. ఫోటో కడిగి ఆరబెట్టాక, నాలుగు వెంట్రుకల కుంచెతో, నల్ల సిరాతో, మూసిన రెప్పల మీద కళ్లు గీసేవారు. అది చూసి, పోయిన మనిషి లేచి వచ్చినట్టు జనం ఏడ్చేవారు. ఆ కుంచెను ఈరన్న చేతికి ఎన్నడూ ఇచ్చింది లేదు.

ఈసారి ఇచ్చారు. ఒకే ఫోటోవి మూడు కాపీలు బల్ల మీద పెట్టి, సిరా పక్కన ఉంచారు.

"నువ్వు ఎయ్యి. రోజూ చూసిన మనిషి గదా" అని ముందు గదిలోకి వెళ్లిపోయారు.

ఈరన్న కుంచె తడిపాడు. ఉసేనమ్మను తలుచుకున్నాడు. గ్లాసు కడిగే చెయ్యి గుర్తొచ్చింది. బొటనవేలి మీద కాలిన మచ్చ, పచ్చ గాజులు గుర్తొచ్చాయి. అల్లం వేయాల్నా అని అడిగే గొంతు చెవిలో ఉంది. ఆ పైన అంతా ఆవిరి. ఆమె టీ అందించేటప్పుడు తను ఎటు చూసేవాడు? రోడ్డు వంక. రోడ్డు మీద ఎండ ఎట్లా పడుతోంది, ఆ ఎండకు ఏ కెమెరా పనికొస్తుంది అని.

మొదటి కాపీ మీద పెద్ద కళ్లు గీశాడు. అవి క్యాలెండరులో అమ్మవారి కళ్లలాగా వచ్చాయి. రెండోదాని మీద చిన్నవి గీశాడు. ఎవరో కోపిష్టి ముసలామె తన వంక చూసింది. రెండింటినీ చింపేశాడు. మధ్యాహ్నం దాటింది. మిగిలింది ఒక్కటే.

ముందు గదిలోకి వచ్చి నిలబడ్డాడు. అయ్యవారు పాస్‌పోర్టు ఫోటోల అంచులు కత్తిరిస్తున్నారు. తలెత్తలేదు.

"ఆ బిడ్డను అడిగి రాపో."

ఈరన్న బయలుదేరాడు. తుంపరలోనే మార్కెట్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూడోసారి ఆ సందులోకి మళ్లాడు.

అప్పటికి అంతా అయిపోయింది. మారెక్క గడపలో కూర్చుని టీ బండి స్టవ్వును బూడిదతో తోముతోంది. ఈరన్న మీ అమ్మ కళ్లు ఎట్లుండేవని అడిగాడు. ఆ పిల్లకు మొదట అర్థం కాలేదు. ఇంకోసారి అడిగితే చెయ్యి ఆపి తలెత్తింది.

"ఎడమ కంట్లో పువ్వుండ్య కదన్నా. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటిది. నల్లగుడ్డు మీద తెల్లగ, ఇంత."

వేలి కొస చూపించింది. ఆ తర్వాత మామూలుగానే అడిగింది.

"నువ్వు రోజూ ఎదురుగ నిలబడి తాగుతాంటివి. నీకు తెల్దా?"

అందులో నిష్ఠూరం ఏమీ లేదు. నిజంగానే అడిగింది. ఈరన్న తెలుసన్నాడు. ఏ కన్నో ఖాయం చేసుకోవడానికి వచ్చానన్నాడు. ఆ అబద్ధం చెప్పి, ఆ పువ్వు ఫోటోలో వేయమంటావా వద్దా అని నేల చూస్తూ అడిగాడు.

"ఎయ్యన్నా. అది లేకుంటే మాయమ్మ యాడుంటాది?"

తిరిగి వచ్చి మూడో కాపీ ముందు కూర్చున్నాడు. మారెక్క చెప్పినట్టే వేశాడు. ఎడమ కంటి మీద తెల్ల రంగుతో చుక్క పెడుతూ ఊపిరి బిగబట్టాడు. చుక్క సరిగ్గానే పడింది. అయినా వేసిన కళ్లను తను ఎక్కడా చూసినట్టు అనిపించలేదు. ఎవరో చెబితే రాసుకున్న అడ్రసులాగా ఉన్నాయి.

సాయంత్రం మారెక్క వచ్చింది. ఫోటోను వాకిట్లోని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. వేలితో ఫోటోలో ఒక కన్ను మూసి చూసింది, ఇంకో కన్ను మూసి చూసింది.

"ఇట్ల సూటిగ చూసేది కాదు మాయమ్మ" అంది. ఫోటోను దించి, "పర్లేదులేన్నా. ఉంది కదా" అంది.

ఫోటోను ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును పైట కింద దాచుకుని, వానలోకి దిగి వెళ్లిపోయింది.

నాగభూషణం అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి రెండు కెమెరాలు తెచ్చాడు. దేని లెన్సు ఎట్లాంటిదో, ఏది నీడలో బాగా తీస్తుందో చెప్పబోయాడు. ఈరన్న వినలేదు. చేతికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని, మూతైనా తెరవకుండా బల్ల మీద పెట్టి, రెండోది తీసుకుపొమ్మన్నాడు. నాగభూషణం అతని వంక, అయ్యవారి వంక చూసి, రైలుకు టైమవుతోందని లేచి వెళ్లాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. అయ్యవారు సిరా మరకలున్న కుంచెను నీళ్ల గిన్నెలో కడుగుతున్నారు.

"ఆమె కంట్లో పువ్వున్నట్టు మీకు తెలుసా?" అని ఈరన్న అడిగాడు.

"తెలుసు."

"మీరు టీ కూడా తాగరు కదా. ఎప్పుడు చూసినారు?"

అయ్యవారు కుంచె కొనను వేళ్లతో సాపు చేశారు. నీళ్లు నల్లగా అయ్యాయి.

"మాయమ్మ పోయినప్పుడు ఫోటోకు కండ్లు నేనే ఏసినా ఈరన్నా" అన్నారు. "అవి ఎవరి కండ్లో నాకు ఇప్పటికీ తెల్దు."