మూలభాషలో దండోరా

వెనకటికి ఒక సంస్థానంలో ఏసోబు దండోరా వేసేవాడు. రాజాజ్ఞలన్నీ వీధివీధినా డప్పు కొట్టి చాటేది అతనే. మంచం పట్టిన వాళ్లమ్మ, తెలుగు బైబిల్లోంచి అతను ఒక కీర్తన చదివి వినిపిస్తే గానీ గంజి ముట్టేది కాదు.

ఒకనాడు ఆస్థాన పండితుడు పరంజ్యోతి అతన్ని పిలిపించాడు. హీబ్రూ, అరామిక్, గ్రీకు మూడూ ఆయనకు కొట్టినపిండి.

"లేఖనాలు పుట్టింది ఈ మూడు భాషల్లోనే. తెలుగు బైబిళ్లన్నీ శనివారంలోగా కోటలో అప్పగించాలనీ, తగలబెడతామనీ చాటు" అన్నాడు.

ఏసోబుకు ఇంట్లో అమ్మ గుర్తొచ్చింది. అయినా తలవంచి, "ఇంత గొప్ప ఆజ్ఞ! హీబ్రూలోనే సెలవివ్వండయ్యా, అక్షరం పొల్లుపోకుండా చాటుతాను" అన్నాడు. పండితుడు ఉబ్బిపోయి, దగ్గర కూర్చోబెట్టుకుని మరీ నేర్పాడు.

శనివారం కోటకు ఒక్క పుస్తకమూ రాలేదు.

"చాటలేదా?"

"చాటానయ్యా, ప్రతి వీధిలోనూ."

"అర్థంకాని భాషలో చాటితే ఎవడు పాటిస్తాడురా? తెలుగులో చాటు!"

ఏసోబు డప్పు నేలమీద పెట్టాడు.

"తమరి మాట జనానికి తెలియాలంటే తెలుగు కావాలి. మరి దేవుడి మాటకు అక్కర్లేదా అయ్యా?"

మూడు భాషలు వచ్చిన పండితుడు, ఇక చాటొద్దని తెలుగులోనే చెప్పాడు. ఆజ్ఞ అక్కడే ఆగిపోయింది. ఏసోబు డప్పు భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. అమ్మ గంజి ముందు పెట్టుకుని కీర్తన కోసం కాచుకుని ఉంది.