బుగ్గన కరక్కాయ

సుమనుడికి గొంతు బొంగురుపోయింది. కొండ మీది బౌద్ధ విహారంలో ఊరి పిల్లలకు పాఠం చెప్పే పని అతనిది. చెప్పడంలో లోటేమీ చేయలేదు పాపం. అడిగినదీ, అడగనిదీ, అడగబోయేదీ అన్నీ తనే చెప్పేసేవాడు. అయినా సగం మంది పిల్లలు రావడం మానేశారు.

వచ్చినవాళ్ల చూపంతా గడియ కుడుక మీదే. అది అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి గిన్నె. నీళ్ల తొట్టిలో తేలుతూ, మెల్లగా నిండి, మునిగిపోతుంది. మునగ్గానే పాఠం అయిపోయినట్టు సుమనుడు గంట కొట్టాలి. కొట్టీ కొట్టకముందే పిల్లలు మెట్ల మీద ఉండేవాళ్లు.

చివరికి గురువైన రేవతుల దగ్గర మొరపెట్టుకున్నాడు.

"భంతే, ఆ గిన్నెను తెర వెనక పెట్టించండి. లేదా నన్నీ పని నుంచి తప్పించండి. నావల్ల పిల్లల్లో ఒక్కరికీ ఏమీ రావడం లేదు."

ఆ చివరి మాట అంటుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గొంతు అలా ఉందేం నాయనా?"

"చెప్పీ చెప్పీ, భంతే."

రేవతులు మందుల సంచిలోంచి కరక్కాయ ముక్క తీసిచ్చారు. "రేపు పాఠానికి కూర్చోగానే బుగ్గన పెట్టుకో. గడియ నిండేదాకా నమలకు, ఉమ్మకు, నోరు తెరవకు."

"మరి పాఠం?"

"ముందు గొంతు బాగుపడనీ."

మర్నాడు సుమనుడు బుగ్గ ఉబ్బించుకుని కూర్చున్నాడు. పిల్లలు కాసేపు అతన్ని చూసి నవ్వుకున్నారు. తర్వాత అలవాటుగా గిన్నె వైపు తిరిగారు.

"భంతే, నీరు పల్లమెరుగు అంటుంది మా అవ్వ" అంది కుమ్మరుల పిల్ల నాగసిరి. "మరి ఇందులోకి నీళ్లు కింది నుంచి పైకెందుకొస్తున్నాయి?"

సుమనుడికి జవాబు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కరక్కాయ అడ్డుపడింది.

ఇక అతను చెప్పేలా లేడని పిల్లలకు అర్థమైంది.

"గిన్నె బరువుకే" అన్నాడొకడు.

"అయితే ఆకు దొప్పకు బెజ్జం పెడితే మునగదా?"

"ఎందుకు మునగదూ!"

ఇద్దరు పరిగెత్తి మోదుగాకు తెచ్చి దొప్ప కుట్టారు. ముల్లుతో బెజ్జం పెట్టారు. నీళ్లు ఎక్కాయి కానీ దొప్ప మునగలేదు. నాగసిరి అందులో ఓ గులకరాయి వేసింది. దొప్ప బుడుంగుమని మునిగింది. "చిన్న రాయి వెయ్యి, చిన్న రాయి!" అని అందరూ తొట్టి మీదికి వంగారు. సుమనుడు కూడా వంగాడు.

గంట సంగతి గుర్తొచ్చి అతను చూసేసరికి రాగి గిన్నె తొట్టి అడుగున ఉంది. ఎప్పుడు మునిగిందో ఎవరూ చూడలేదు.

సాయంత్రం రేవతులు అడిగారు. "గొంతు ఎలా ఉంది?"

"నయం, భంతే" అని సుమనుడు చెయ్యి చాచాడు. "రేపటికి ఇంకో ముక్క ఇప్పించండి."