రెండు వేల నూట అరవై ముళ్ళ చొక్కా

అనగనగా సముద్రం ఒడ్డున గుల్లపేట అని ఒక చిన్న ఊరు. దుప్పటి కప్పుకో, చెబుతాను. ఆ ఊళ్ళో చలికాలంలో కూడా చెమట పట్టేది. అందుకే స్వెట్టరంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలీదు.

ఆ ఊళ్ళో కాసులమ్మ అని ఒకావిడ ఉండేది. చేపల వలలు అల్లడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఆమెకి ఒక్కడే కొడుకు, బైరాగి. వాడు సిపాయిగా చేరాడు. అప్పుడు యుద్ధం వచ్చింది. బైరాగిని మంచుకొండల మీదికి పంపారు. ఇంట్లో కాసులమ్మ, కోడలు సన్నమ్మ మిగిలారు.

మొదటి ఉత్తరం వచ్చింది. "ఇక్కడ గిన్నెలో నీళ్ళు గిన్నెలోనే రాయైపోతున్నాయి" అని రాశాడు. అత్తాకోడళ్ళు నవ్వుకున్నారు.

ఆ తర్వాత రెండోది వచ్చింది. "మావాళ్ళందరికీ ఇళ్ళ నుంచి స్వెట్టర్లు వస్తున్నాయి" అని రాశాడు. ఈసారి నవ్వలేదు.

ఆ తర్వాత మూడోది. "చలికి ఒకతని వేళ్ళు నల్లబడిపోతే ఆస్పత్రికి పంపారు. నా వేళ్ళు బాగానే ఉన్నాయిలే." చదువుతున్న సన్నమ్మ ఆ ఆఖరి మాట మళ్ళీ చదివింది.

"ఒసే, ఉన్ని తేవే," అంది కాసులమ్మ. "నలభై ఏళ్ళుగా వలలు అల్లుతున్నాను, ఒక్క చొక్కా అల్లలేనా?"

సన్నమ్మ పట్నం వెళ్ళి ఎర్ర ఉన్ని తెచ్చింది. లెక్కలంటే ఆ పిల్లకి మంచినీళ్ళ ప్రాయం. "మీ అబ్బాయి ఛాతీ నా జానతో అయిదు జానలత్తా. జానకి పన్నెండు కళ్ళు, చుట్టూ అరవై. కిందికి ముప్ఫై ఆరు వరుసలు. మొత్తం రెండు వేల నూట అరవై ముళ్ళు!"

వలలో ఉండే కంతల్ని కళ్ళంటారు. తెలుసుగా?

అప్పుడు కాసులమ్మ వెదురు బద్దకి ఉన్ని చుట్టి, తనకి వచ్చినట్టే అల్లింది. ముడి మీద ముడి. మూడు రోజుల్లో చొక్కా తయారైంది. సన్నమ్మ దాన్ని ఎత్తి పట్టుకుంది. అటువైపు సముద్రం కనిపించింది!

పక్కింటి అప్పలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఏటే కాసులమ్మా, కొడుక్కి చొక్కా అల్లావా, చేపలకి వల కట్టావా?"

ఉన్ని అయిపోయింది. కొండదారులు మూసుకుపోయే ముందు ఆఖరి పార్సిల్ బండి ఆ సాయంత్రమే. ఏం చేస్తుంది? ఆ వలచొక్కానే పంపేసింది.

ఆ తర్వాత ఒక నెల ఉత్తరం లేదు. రెండో నెలా లేదు. మూడో నెలా లేదు. కాసులమ్మ వల ముట్టుకోలేదు. "నా చేత్తో నేనే వాడికి చలిగాలి పంపానే," అనేది. సన్నమ్మ ఆవిడ పక్కనే కూర్చునేది.

ఒక రోజు పొద్దున్నే గుమ్మంలో బూట్ల చప్పుడైంది. బైరాగి!

కాసులమ్మ వాణ్ణి ఎలా ఉన్నావని అడగలేదు. ముందు చేతులు లాక్కుంది. పది వేళ్ళు. బూట్లు విప్పించింది. కాలివేళ్ళూ పది. అప్పుడు ఏడ్చింది.

"ఎందుకే అమ్మా? నీ చొక్కాయే కదా నన్ను కాచింది," అన్నాడు బైరాగి. "మొదట అన్నిటికీ పైన తొడిగాను. అందరూ నవ్వారు, చలి తగ్గలేదు. ఆ తర్వాత మంచు కమ్మేసి మూడు రోజులు బయటికి రాలేకపోయాం. అప్పుడు దాన్ని ఒంటికి ఆనించి లోపల వేసుకుని, పైన చొక్కా, కోటు తొడిగాను. ఒక్కో కంటిలో నా ఒంటి వెచ్చదనమే ఆగిపోయిందే! గాలికి చల్లారే వీల్లేదు, పారిపోయే దారిలేదు."

"మరి ఉత్తరం?"

"మంచుకి దారి మూసుకుపోయిందిగా. అది తెరుచుకోగానే సెలవిచ్చారు, నేనే వచ్చాను. ఇంకో మాట. మావాళ్ళు పదకొండు మందికి అలాంటివే కావాలట."

సన్నమ్మ కళ్ళు ఒక్కసారి పైకెత్తి దించింది. "ఇరవై మూడు వేల ఏడు వందల అరవై ముళ్ళత్తా!"

కాసులమ్మ పక్కింటి వైపు తిరిగి కేకేసింది. "ఏటే అప్పలమ్మా, నవ్వడం అయిపోతే రా! నీ వాటా రెండు చొక్కాలు!"

కథ కంచి బండెక్కె,
చలి మంచు కొండెక్కె,
బైరాగి ఇల్లు చేరె,
నిద్ర నీ కంట చేరె.