కేలెండరు మీద ఇంటూలు

పెద్దాపురంలో కంప్యూటర్లు బాగుచేసే వీరభద్రాచారిగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని, పద అంటారు. రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న మనిషి కాబట్టి ఆయన్ని తొందరపెట్టడం ఎవరికీ చేతకాలేదు. ఆయన దగ్గర నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటున్న ప్రభుదాసు మాత్రం ప్రశ్నలు మానలేదు. ముప్పై ఏళ్ళవాడు, చదువుకున్నవాడు, నీలం తెర మీద వచ్చే కోడ్లన్నీ ఎక్కాల్లా అప్పజెప్పగలడు. జవాబు దొరక్కపోతే అతనికి అన్నం సయించదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం అతను అడిగాడు. "గురువుగారూ, రోజూ కనపడే తప్పుని నేను పట్టుకోగలను. ఎప్పుడో వచ్చి ఎందుకో పోయే తప్పుని ఎలా పట్టుకోవాలండీ?"

ఊరికే అడిగింది కాదు. మాణిక్యాంబగారింట్లో కంప్యూటరు నెలన్నర నుంచి అతన్ని ఏడిపిస్తోంది. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి తెరంతా నీలం అయిపోయి ఆగిపోతుంది. ఒక రోజు రెండుసార్లు, తర్వాత మూడు రోజులు ఏమీ లేదు. కోడు చూస్తే ఒకసారి చెప్పింది ఇంకోసారి చెప్పదు. ప్రభుదాసు మూడుసార్లు ఆ సీపీయూని షాపుకి మోసుకొచ్చాడు. మెమరీ మార్చాడు, డిస్కు మార్చాడు, సిస్టమంతా కొత్తగా ఎక్కించాడు. షాపులో రాత్రింబవళ్ళు నడిపితే అది అత్తారింటికొచ్చిన కొత్తల్లుడంత బుద్ధిగా ఉండేది. ఇంటికి తీసుకెళ్ళి పెట్టాక వారం తిరక్కుండా మళ్ళీ నీలం. మూడోసారి విసుగెత్తి, మిషన్లో ఏ లోపమూ లేదు, వాడేవాళ్ళు ఏదో నొక్కేస్తున్నారేమో చూసుకోండి అని ఆ ఇంట్లో ఒక మాట పారేసి వచ్చాడు.

ఆ మాట ఎవరి నెత్తిన పడిందో అతను వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఆ కంప్యూటరు మీద పనిచేసేది మాణిక్యాంబగారి కోడలు విజయదుర్గ. ఎక్కడో పెద్ద ఊరి ఆస్పత్రుల రిపోర్టులు ఇంట్లోనే కూర్చుని టైపు చేసే ఉద్యోగం. డిగ్రీ చేతబట్టుకుని ఆరేళ్ళు ఖాళీగా కూర్చున్నాక ఆ పిల్లకు దొరికిన మొదటి పని అది. ఇలా మధ్యలో పని తెగిపోతుంటే ఈ నెలాఖరు దాకా చూసి ఇంకొకరిని పెట్టుకుంటామని ఆ పని ఇచ్చినవాళ్ళు చెప్పేశారు. ఆమె భర్త సత్తిబాబు సాయంత్రాలు అదే కంప్యూటరు మీద పేకాట ఆడుకుంటాడు, అతనికి ఒక్కనాడూ ఆగలేదు. అందుకని ఇంట్లో అందరికీ ఒకటే మాట స్థిరపడిపోయింది, ఆ పిల్లకి కంప్యూటరు అచ్చిరాలేదని. అచ్చిరాని పని మానెయ్యడం మంచిదని భర్త కూడా మెల్లగా అనడం మొదలుపెట్టాడు.

ఆచారిగారు కళ్ళజోడు తుడుచుకుని, పద అన్నారు.

మాణిక్యాంబగారు వాళ్ళని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, తను గుమ్మానికి ఆనుకుని నిలబడింది. హాల్లో మధ్యన ఇత్తడి గొలుసుల ఉయ్యాల బల్ల, దాని ఎదురుగా ఫ్యాను కింద కంప్యూటరు బల్ల. దుర్గ తల వంచుకుని టైపు చేసుకుంటోంది. ఆచారిగారు మిషను ముట్టుకోలేదు. రెండు గంటలు కూర్చుని ఇంట్లో వాళ్ళ కబుర్లు విన్నారు. ఒక్కసారీ ఆగలేదు. ప్రభుదాసుకి తల కొట్టేసినట్టయింది.

లేవబోతుంటే మాణిక్యాంబగారు గోడ మీది కేలెండరు తెచ్చి చూపించింది. పాలు రాని రోజుకి గీత, గ్యాసు బండ వచ్చిన రోజుకి సున్నా, కంప్యూటరు ఆగిన రోజుకి ఇంటూ. ప్రతి ఇంటూ పక్కనా గంటా నిమిషం. అన్యాయం చెయ్యకూడదని ఆవిడ మొదట రాహుకాలంతో సరిచూసింది. కుదరలేదు. దుర్ముహూర్తంతో చూసింది, అదీ కుదరలేదు. గ్రహాలన్నీ నిర్దోషులని తేలాక మిగిలింది కోడలే. ఆవిడ దుష్టురాలేం కాదు. లెక్క తప్పని మనిషి, అంతే.

ఆచారిగారు కేలెండరంతా శ్రద్ధగా చూశారు. ఇంత బాగా రాసేవాళ్ళు తనకి దొరకలేదని మెచ్చుకుని, సంచీలోంచి ఒక నోటుబుక్కు తీసి ఆవిడ చేతికే ఇచ్చారు. "ఆగినప్పుడు రాశారు, బావుందండి. ఆగకుండా నడిచినప్పుడు కూడా రాయండి. ఆ వేళకి ఇంట్లో ఎవరెవరు ఎక్కడ ఏం చేస్తున్నారో రాయండి. మీతో సహా."

వీధిలోకి రాగానే ప్రభుదాసు గొణిగాడు. కోడలి మీద కేసు కట్టినావిడ చేతికే పుస్తకం ఇస్తే ఆవిడకి కావలసిందే రాసుకుంటుందని అతని అనుమానం. పాలు రాని రోజు ఒక్కటి కూడా వదలని మనిషి ఏదీ వదలదని ఆచారిగారు అన్నారు.

ఎనిమిదో రోజున మళ్ళీ వెళ్ళారు. నెలాఖరుకి ఇంకా మూడు రోజులే ఉంది. సెలవు రోజు కావడంతో సత్తిబాబు కూడా ఇంట్లోనే ఉన్నాడు. మాణిక్యాంబగారు కళ్ళజోడు పెట్టుకుని, అందరికీ వినపడేలా చదవడం మొదలుపెట్టింది.

"సోమవారం పదకొండింటికి ఆగింది. దుర్గ టైపు చేస్తోంది. నేను ఉయ్యాల మీద. మంగళవారం రోజంతా నడిచింది. దుర్గ టైపు చేస్తోంది. నేను పెరట్లో పనసపొట్టు కొడుతున్నాను. బుధవారం రెండుసార్లు ఆగింది. నేను ఉయ్యాల మీద. రాత్రి అబ్బాయి పేకాడాడు, ఆగలేదు. నేను లోపల టీవీ దగ్గర. గురువారం ఆగలేదు. నేను మా చెల్లెలింటికి సామర్లకోట వెళ్ళాను. శుక్రవారం..."

శుక్రవారం దగ్గర గొంతు తగ్గింది. శనివారానికి చదవడమే ఆగిపోయింది. ఆ మిగతా రెండు వరసలూ ఆవిడ మనసులోనే చదువుకుంది. తర్వాత పుస్తకం మూసి, వెళ్ళి ఉయ్యాల బల్ల మీద కూర్చుంది. రోజూ కోడలి పని కనిపెట్టి చూస్తూ ఎలా కూర్చుంటుందో అలాగే, కంప్యూటరు వైపు తిరిగి. కాలి బొటనవేలు సరిగ్గా కంప్యూటరు బల్ల కాలికి ఆనింది. ఫ్యాను గాలి తగులుతుందని ఈ వేసవిలోనే ఆ బల్లను రెండడుగులు ఇవతలికి జరిపారట. ఆ సంగతి అంతదాకా ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆవిడ బల్ల కాలిని తన్ని ఊగింది. ఏమీ కాలేదు. ఇంకోసారి తన్నింది. ఆరోసారికి తెర నీలం అయింది.

ఉయ్యాల దానంతట అదే ఆగేదాకా ఆవిడ దిగలేదు.

"నేనేనే దుర్గా," అంది. "నిన్ను చూడ్డానికే కూర్చున్నాను."

దుర్గ ఏడ్చింది. నెలన్నరగా ఏడవనిదంతా అప్పుడే ఏడ్చింది. సత్తిబాబు సిగ్గుపడి, ఇప్పుడే ఉయ్యాల కొక్కేల్లోంచి తీసేస్తానని ముక్కాలిపీట వెతకబోయాడు. దుర్గ కళ్ళు తుడుచుకుని, ఉయ్యాల జోలికి పోవద్దు, బల్ల జరిపితే చాలు అంది. అందరూ తలో చెయ్యీ వేసి బల్లను గోడ పక్కకి చేర్చారు. ప్రభుదాసు సీపీయూ విప్పి చూస్తే, మెమరీని పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ కొక్కెం పగిలి ఉంది. బల్ల కదిలినప్పుడల్లా మెమరీ వెంట్రుకవాసి లేస్తోంది. దాన్ని అతను మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాడు. కోడ్లు చదివాడు గాని కొక్కెం చూడలేదు. మెమరీని పక్కనున్న మంచి గాడిలోకి మార్చాడు. ఆ నెలాఖరు గడిచింది, దుర్గ ఉద్యోగం నిలిచింది.

షాపుకొచ్చాక ప్రభుదాసు రిపేర్ల పుస్తకం తీసి పొందికైన అక్షరాలతో రాశాడు: కారణం, ఉయ్యాల. బల్ల జరిపాం, గాడి మార్చాం. రాసి గురువుగారి ముందు పెట్టి, తప్పును పట్టుకునే పద్ధతి ఇప్పుడు తెలిసిందండీ అన్నాడు. వచ్చినప్పుడే కాదు, రానప్పుడూ రాసుకోవాలి. షాపులో కాదు, అది వచ్చే చోటే చూడాలి. అంతా సరిగ్గానే చెప్పాడు.

ఆచారిగారు కళ్ళజోడు తుడుచుకుని పుస్తకంలో వెనక్కి మూడు పేజీలు తిప్పారు. అదే ఇల్లు, అదే మిషను. కారణం అన్న చోట ప్రభుదాసు చేతిరాతే: వాడేవారి పొరపాటు. ఆ పేజీ మీద వేలు పెట్టి ఉంచి ఆయన అన్నారు.

"మాణిక్యాంబగారి పుస్తకంలో మాణిక్యాంబగారున్నారు. నీ పుస్తకంలో నువ్వెక్కడున్నావయ్యా?"